పెదవుల మీది మబ్బు

రేకుల మీద వాన.

ముందు ఒక్క చినుకు. తర్వాత పది. తర్వాత ఎవరికీ లెక్క తెలియనన్ని.

గది నిండా చప్పుడు. ఆ చప్పుడు మీదుగా, గట్టు దాటిన నీళ్ళలా — మా వదిన గొంతు.

నేను రాసింది ఆమె చదువుతోంది. చేతిలో కాగితం లేదు. ఎప్పుడూ ఉండదు. రెండుసార్లు చూస్తే చాలు, కవిత ఆమె నోటికి వచ్చేస్తుంది. మూడోసారికి అది నేను రాసిందేనా అని నాకే అనుమానం.

వదిన ఇరవై రెండేళ్ళు రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పింది. బండి రెండు గంటలు ఆలస్యం అని ఆమె చెబితే జనానికి సగం కోపం తగ్గేదట. ఈ మాట అన్నది మా అన్నయ్య. ఆ గొంతు వింటూ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయి, ఎక్కాల్సిన బండి వదిలేసుకుని, చివరికి ఆమెను పెళ్ళి చేసుకున్నవాడు.

తర్వాత ఒక యంత్రం వచ్చింది. ఆమె గొంతునే ముక్కలు ముక్కలుగా పట్టి — ఊళ్ళ పేర్లు వేరుగా, అంకెలు వేరుగా — దాంట్లో పెట్టారు. ఆమెను ఇంటికి పంపారు.

ఇప్పటికీ ఆ స్టేషన్లో వదిన మాట్లాడుతూనే ఉంటుంది.

వదిన లేకుండా.

ఆ ఏడాదే మేమిద్దరం కుట్టుపని దుకాణం పైనున్న గది తీసుకుని, మెట్ల దగ్గర బోర్డు పెట్టాం.

కవితలు చదివి వినిపిస్తాం. రాయడం నేర్పిస్తాం. కోరినవారికి కోరినట్టు రాసిస్తాం.

ఫోన్లు వచ్చాయి. ఒకాయన భార్యకు క్షమాపణ కవితగా కావాలన్నాడు. ఏం తప్పు చేశారండీ అంటే, అది రాకుండా రాయాలన్నాడు. ఒకావిడ కళ్ళజోళ్ళ దుకాణం మొదలుపెడుతూ మమ్మల్ని పిలిచింది. వదిన చదివినంతసేపూ జనం కొత్త కళ్ళజోళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. ఆమె వైపు చూసినవాళ్ళు లేరు.

తిరిగి వస్తుంటే వదిన అంది, "ఇదీ ఆ స్టేషనే అమ్మాయ్. అందరి చెవినా పడతాను. ఎవరూ వినరు."

బోర్డు తీసేద్దామని మాత్రం అనలేదు.

అనబోతోందని నాకు తెలుస్తూనే ఉంది…

అప్పుడు మెట్లెక్కి వచ్చింది ఆ అమ్మాయి. మందుల దుకాణంలో పని. మాట్లాడుతూనే ఫోన్ చూసుకుంటుంది, ఫోన్ చూసుకుంటూనే మాట్లాడుతుంది. వాళ్ళమ్మ మరమగ్గాల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళుగా నేస్తోంది. మిల్లులో అందరికీ పెద్దక్క. నెల తిరిగితే ఆఖరి షిఫ్టు. ఆ రోజు, అక్కడ, అందరి ముందూ అమ్మ మీద కవిత చదవాలి.

"కాస్త గట్టిగా చదవాలండీ. అమ్మకి సరిగా వినపడదు."

వదిన నవ్వింది. "అది నాకు వదిలెయ్యమ్మా. నేను నోరు విప్పితే పక్కవీధిలో పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు."

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. పెద్దక్కను చూడకుండా పెద్దక్క మీద ఎలా రాయను?

సన్నటి మనిషి. కిటికీ పక్కన కుర్చీ. ఒడిలో చేతులు — పని లేక ఏం చేయాలో తెలియని చేతులు.

వదిన ఒక పాత కవిత ఎత్తుకుంది. అలవాటు ప్రకారం తల పైకెత్తి, కళ్ళు సగం మూసి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. గోడ మీది పిట్ట లేచిపోయింది. ఆ కవిత మధ్యలో వదిన ఒకచోట ఆగుతుంది. ఊపిరి బిగబట్టి వినాల్సిన చోటు.

పెద్దక్క చప్పట్లు కొట్టింది.

అయిపోయిందనుకుంది.

"అమ్మా! ఇంకా ఉంది!" కూతురు ఆమె చెవిలో అరిచింది. పెద్దక్క నవ్వి తలాడించింది. "సరే సరే" అంది. టీ పెడతానని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

కూతురు గొంతు తగ్గించింది. "అన్నిటికీ సరే అంటుంది. తిన్నావా అన్నా సరే. జ్వరమా అన్నా సరే. ఈ మధ్య నేనూ అడగడం తగ్గించేశాను."

మెట్లు దిగుతూ వదిన నా భుజం పట్టుకుంది.

"ఇది నా వల్ల కాదు."

"ముందు మిల్లు చూద్దాం వదినా."

మిల్లు.

ఆ మోత చెవుల్లోకి రాలేదు. పళ్ళలోకి వచ్చింది. ఎముకల్లోకి వచ్చింది. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే నా పేరు నాకే వినపడలేదు. గాలిలో దూది నుసి, దిక్కు తెలియని మంచులా. పైన ఇనుప దూలాల మీద పిచ్చుకలు, నోళ్ళు తెరిచి మూస్తూ.

ఆ మంచు మధ్యలో — పెద్దక్క.

ఆదివారం చూసిన మనిషి కాదు.

మాట్లాడుతోంది. నవ్వుతోంది. కళ్ళెగరేస్తోంది. పెదవులు పెద్దగా, నిదానంగా కదులుతున్నాయి. చేతులు వాటికి తోడు. ఈ చివర ఆమె ఏదో అంది. ఆ చివర, ఆరు మగ్గాల అవతల, ఒకామె పొట్ట పట్టుకుని వంగిపోయి నవ్వింది. ఆమె ఏదో తిరిగి అంది. మధ్యలో ఉన్న నలుగురు నవ్వారు.

ఎవరి గొంతూ లేదు.

ఆ షెడ్డులో ఎవరి చెవీ పనిచేయదు.

కాబట్టి అక్కడ ఎవరికీ చెవుడు లేదు.

వదిన నోరు తెరుచుకుని నిలబడింది. నోటితో బతికిన మనిషి… ఒక నోటిని నిజంగా చూడటం బహుశా అదే మొదలు.

మర్నాటి నుంచి తొమ్మిది రోజులు మిల్లు క్యాంటీన్లో కూర్చున్నాం. భోజనాల గంటలో ఏడుగురు ఆడవాళ్ళు, మేమిద్దరం. పెద్దక్క భోజనం గంట వేరు కాబట్టి ఆమెకు తెలియదు. రాయడం నేర్పిస్తామని మా బోర్డు మీద ఉంది. కానీ అక్కడ నేర్పింది వాళ్ళు. నేర్చుకున్నది మేము.

వాళ్ళలో ఒకామెను అందరూ గలగల అంటారు. షెడ్డులో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆవిడే. నా కాగితం చూసి పెదవి విరిచింది.

"ఇందులో సగం కనపడదమ్మా."

"అంటే?"

"మాట అను. గొంతు లేకుండా."

అన్నాను.

"ఇప్పుడు పాట అను. బాట అను."

అన్నాను. ఎదురుగా వదిన కళ్ళు చిట్లించింది. మూడూ ఒకటే. ఒకే మూత, ఒకే తెరుచుకోవడం. అందుకే వాళ్ళు పాటకి గొంతు ముట్టుకుంటారు. బాటకి రెండు వేళ్ళు నడిపిస్తారు. మాటకి ఏమీ చేయరు. మాట ఊరికే మాట.

నా కవితలో గాలి ఉంది. గాలి కనపడదంది గలగల. ఎప్పుడు కనపడింది కనుక అన్నాను. క్యాంటీనంతా నవ్వింది. గాలిని కొట్టేశాను. మబ్బు పెట్టాను. మబ్బు బాగా కుదిరింది — పెదవులు రెండుసార్లు కలిసి, చివర గుండ్రంగా విడిపోయాయి.

ఇన్నేళ్ళూ మాటల్ని చెవితో ఏరుకున్నాను. ఇప్పుడు కంటితో ఏరుకున్నాను. వానలో తడిసిన గులకరాళ్ళలా ఒక్కొక్కటీ కొత్తగా మెరిసింది.

వదినకే కష్టమైంది.

పెదవులు కదిపితే గొంతు దానంతటదే వచ్చేసేది. చేయి గొంతు మీద పెట్టుకుని, అది అదురుతోందేమో చూసుకుంటూ చదివేది. మూడోరోజు నా చేతిలోని కాగితం లాగి బల్ల మీద పడేసింది.

"నా దగ్గరున్నది అదొక్కటే కదే!"

"అది యంత్రం దగ్గర కూడా ఉంది వదినా."

అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

 సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె నాకు నాలుగడుగులు ముందే నడిచింది.

మర్నాడు పొద్దున నేను గదికి వచ్చేసరికి వదిన అద్దం ముందు ఉంది. గొంతు మీద చేయి లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మబ్బు. మబ్బు. మబ్బు. నన్ను అద్దంలోనే చూసి, గొంతు లేకుండానే ఏదో అంది.

అది తిట్టేనని అర్థమైంది. ప్రాణం కుదుటపడింది.

ఆఖరి షిఫ్టు రోజు వచ్చింది.

సూపర్‌వైజరు మంచి మనిషి. పది నిమిషాలు మగ్గాలు ఆపిస్తానన్నాడు.

"ఆపకండి" అంది వదిన.

"ఆపకపోతే మీరు చదివేది ఎవరికి వినపడుతుందమ్మా?"

"ఎవరికీ వినపడక్కర్లేదు."

ఆయన నా వైపు చూశాడు. ఈమెకేమైనా మతి పోయిందా అన్నట్టు. నేను తలాడించాను. పోలేదు, ఆపకండి అన్నట్టు.

కూతురు నా పక్కన నిలబడింది. నాలాగే చెవుల్లో దూది. కళ్ళల్లో భయం. ఇంత మోతలో కవితేమిటని ఆమె అడగబోతే వదిన వైపు చూపించాను.

వదిన రెండు వరసల మగ్గాల మధ్యకు నడిచింది. తల పైకెత్తలేదు. కళ్ళు మూయలేదు. పెద్దక్క ఎదురుగా నిలబడి, ఆమె కళ్ళలోకి చూస్తూ — మొదలుపెట్టింది.

మండే పూట
మా మీద వాలిన మబ్బువి.

పెద్దక్క అలవాటు ప్రకారం నవ్వి తలాడించింది.

అవతలి మగ్గం దగ్గర గలగల అందుకుంది.

పోగు తెగితే ముడి వేశావు.

ఆమె పక్కన ఇంకొకామె.

మా మనసు తెగినా ముడి వేశావు.

పెద్దక్క తల ఆగిపోయింది.

మెల్లగా ఇటు తిరిగింది. అటు తిరిగింది. ఒక్కో మగ్గం దగ్గర ఒక్కో నోరు. ఒక్కో నోట్లో ఒక్కో వరస. దూది మంచులో ఒకరి నుంచి ఒకరికి, పిట్టలు కొమ్మలు మారినట్టు, కవిత షెడ్డంతా తిరుగుతోంది. ఆమె కళ్ళు దాని వెంట పరుగెత్తాయి. ఆమె పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి.

పొమ్మంటే పోతావు, మాకు తెలుసు.
పోయే ముందు మా ముఖం చూసి
ఒక మాట చెప్పిపో.

అక్కడితో వదిన పెదవులు మూసింది. కవిత అంతే.

పెద్దక్క చప్పట్లు కొట్టలేదు. చేయి ఎత్తింది. ఆగండి, చెబుతాను అన్నట్టు.

చెప్పింది.

ఎంతసేపు చెప్పిందో! చేతులు ఎగిరాయి. కనుబొమలు ఎగిరాయి. ఆడవాళ్ళు నవ్వారు. గలగల కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది — ఒక క్షణం ఆలస్యంగా, కొత్తగా భాష నేర్చుకున్నవాళ్ళు నవ్వినట్టు.

అంతమందిలో అర్థం కానిది ఒక్క కూతురికే.

నా చెవిలోంచి దూది లాగి అరిచింది. "అమ్మ ఏమంటోంది?"

నాకు తెలిసింది సగమే. ఆ సగమే ఆమె చెవిలో అరిచాను.

"ఇంట్లో నేను సరే అనే ఒక్క మాటతో బతుకుతున్నానర్రా అంటోంది. అక్కడ అందరూ పెదవులు జేబులో పెట్టుకుని మాట్లాడతారట."

కూతురు నవ్వబోయింది. నవ్వు రాలేదు. తల్లి వైపు చూస్తూ ఉండిపోయింది — ముప్పై ఏళ్ళు ఒకే గోడల మధ్య ఉండి, ఆ మనిషిని అప్పుడే కలిసినట్టు.

షిఫ్టు దిగింది. మగ్గాలు ఆగాయి. చెవుల్లో ఇంకా మోత. గలగల మా దారికి అడ్డం వచ్చి, వచ్చేవారం క్యాంటీనుకు ఎప్పుడొస్తారని అడిగింది. అందరికీ ఎవరో ఒకరి మీద రాసుకోవాల్సింది ఉందట. వదిన నన్నడగకుండానే మంగళవారం అని చెప్పేసింది. ఆ గొంతులో పాత నిండుదనం… కానీ చెబుతున్నంతసేపూ ఆమె చూసింది గలగల ముఖాన్ని.

గేటు బయట కూతురు వదిన చేయి పట్టుకుంది.

"నాకూ నేర్పుతారా?"

వదిన పెద్దక్క వైపు గడ్డం ఊపింది. "పంతులమ్మ అక్కడుంది. నన్నడుగుతావేం?"

సందులో బస్సు హారన్లు. సైకిలు గంటలు. పశ్చిమాన ఎండ వాలుతోంది.

కూతురు ఫోన్ సంచీలో పడేసింది. తల్లి ఎదురుగా నిలబడింది. గొంతు లేకుండా, భయపడుతూ, నోరు తెరిచి ఏదో అంది.

పెద్దక్క కనుబొమలు ముడిపడ్డాయి. తల అడ్డంగా ఊపింది. సరే అనలేదు.

దగ్గరికి వచ్చింది. కూతురి గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని, ఆ ముఖాన్ని మెల్లగా ఎండ వైపు తిప్పింది.

మళ్ళీ అను — అన్నట్టు చూసింది.

కూతురు ఊపిరి తీసుకుంది…