పారబోసిన నీళ్లు

గౌరీ, ఇలా దగ్గరకు జరుగు. ఆ ఫోను పక్కన పెట్టి నా ఒళ్లో తల పెట్టుకో. ఇది నీ కథే తల్లీ, నీకు మాత్రం గుర్తు లేని కథ.

నీకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి పది రోజులు దిగలేదు. చిలికా సరస్సు మధ్యలో ఒక చిన్న లంక మీద రాతి అమ్మవారు ఉంది. నీకు తగ్గితే అక్కడ కోడిపుంజును వదులుతానని మొక్కుకున్నాను. అక్కడ కోడిని కొయ్యరు, ప్రాణంతో వదిలేస్తారు. మన ఇంట్లోకి గుడ్డు కూడా రాదు కదా, మీ నాన్న వేణు ఆ పుంజును చంటిపిల్లలా పొట్టకు అదుముకుని పడవెక్కాడు.

"అమ్మా, ఇది నన్ను పొడుస్తాది!"

"పొడవనీరా. దానికి నువ్వు నచ్చాలా ఏటి?"

మసేను అనే పడవవాడు మమ్మల్ని దింపి, నాలుగింటికి వస్తానని వెళ్లాడు. లంకంటే ఎంతనుకున్నావు? మన గుమ్మం నుంచి పాలకొట్టు దాకా, అంతే. రాళ్లు, మొగలి పొదలు, ఎవరెవరో వదిలిన కోళ్లు. పసుపుతాడు కట్టిన మన పుంజును నీ చేత్తో వదిలించాను.

అమ్మవారి దగ్గరకు తీసుకెళ్లింది తిండైనా నీళ్లైనా తిరిగి ఇంటికి తేకూడదని మా అత్తగారి పద్ధతి. నాలుగింటికి దూరంగా పడవ కనబడింది. మసేనే అనుకుని, మిగిలిన పులిహోర కోళ్లకు వేసి క్యాను నీళ్లు రాతి మీద ఒంపేశాను. మీ అమ్మ సాయిపద్మ, "ఉండండత్తా, పడవ రానీండి" అంటూనే ఉంది. అది వేరే పడవ. మావైపు తిరగకుండానే పోయింది.

తరవాత గాలి లేచింది. మీ నాన్న బండ ఎక్కితే ఒక్కసారి ఫోను కలిసింది.

"బాబూ, ఈ గాలిలో పడవ దింపితే నానూ మిగలను. తగ్గగానే వత్తాను. నీళ్లున్నాయా?" అన్నాడు మసేను.

మీ నాన్న నా మొహం చూశాడు. బదులు చెప్పేలోపు లైను తెగింది.

ఎండదెబ్బకు నువ్వు రెండుసార్లు కక్కావు. చీకటి పడ్డాక నీళ్ల కోసం ఒకటే ఏడుపు. ఎటు నడిచినా నాలుగు అంగల్లో కాళ్లకు నీళ్లే తగిలేవి. నోట పోసుకుంటే ఉప్పు. ఆ నీళ్లే గోడలైపోయాయమ్మా ఆ రాత్రి.

"పద్ధతి పద్ధతన్నారు. ఇప్పుడు పద్ధతి తాగుతాదా పసిగుంట?" అంది మీ అమ్మ.

చెంగు తడిపి నీ నుదురు తుడుస్తూ కూర్చున్నాను.

తెల్లారింది, గాలి తగ్గలేదు. నువ్వు ఏడుపు మానేశావు. పెదాలు పగిలిపోయాయి, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. అప్పుడు మన పుంజు కూసింది. దాన్ని చూస్తుంటే తట్టింది నాకు. ఇవన్నీ ఎప్పుడో వదిలిన కోళ్లు. ఇన్నాళ్లూ ఏం తాగి బతికాయి?

"వేణూ, కోళ్లని బెదరగొట్టకు. ఎటెల్తాయో సూడు."

కాసేపటికి అవి ఒకదాని వెనక ఒకటి మొగలి పొదల్లోకి దూరాయి. ముళ్లు గీరుకుంటున్నా వెనకే పాక్కుంటూ వెళ్లాను. బండ కింద నెర్రెలో వాననీళ్లు, పైన ఎండాకులు. కోళ్లు ముక్కు ముంచి, మెడ ఎత్తి మింగుతున్నాయి. చెంగుతో మూడుసార్లు వడగట్టి ముందు నేను తాగాను. చప్పగా ఉన్నాయి! నీ పెదాల మీద చుక్క చుక్కగా పిండాను. ఎన్ని చుక్కలో తెలియదు, ఒకసారి నాలుక బయటికొచ్చింది. తరవాత నా వేలు పట్టుకుని చీకావు. మీ అమ్మ అప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నానికి గాలి పడి మసేను వచ్చాడు. "ఠాకురాణి అమ్మోరు సల్లగా సూసింది" అని దండం పెట్టాడు. మీ అమ్మ ఆ నెర్రె నీళ్లు క్యానులోకి వడగట్టింది.

"దారిలో గుంటకి కావాల. ఇవి ఇంటిదాకా తెస్తాను అత్తా. ఏటంటారో అనండి."

ఆ క్యాను పడవలోకి నేనే మోశాను.

ఇది మరిచిపోకు గౌరీ. మీ నాన్న ఈ కథ చెప్పేటప్పుడు గాలి దగ్గర మొదలుపెట్టి అమ్మవారి దగ్గర ఆపుతాడు. నీళ్లు ఎవరు ఒంపారో చెప్పడు, తల్లిని కదా. రేపు నీ పిల్లలకు నువ్వు చెప్పేటప్పుడు అలా దాచకు. మా నానమ్మ నీళ్లు పారబోసింది అని, అక్కడి నుంచే మొదలుపెట్టు.