మున్నీ పురుడు

“క్యాన్లు కడిగినవా?” అని మా ఆయన నగేష్ వాకిట్లోంచి కేకేసేసరికి, మా కుక్క మున్నీ నా పాత చీరను గోళ్లతో చీరుకుంటూ మంచం కింద పక్క సిద్ధం చేసుకుంటోంది. పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదు. రొప్పుతోంది, వణుకుతోంది, నేను లేవబోతే కుయ్‌మంటోంది. మధ్యాహ్నం పాలు పిండే వేళయింది. కార్వాన్ బస్తీలో మాది పాల వ్యాపారం. పెళ్లయి వచ్చిన మర్నాటి నుంచి ఆ క్యాన్లు తోమేది నేను, పేడ ఎత్తేది నేను. “మీ ఆమె ఏం జేస్తది?” అని ఎవరైనా అడిగితే మాత్రం “ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది” అంటాడు.

కడగలేదన్నాను. లోపలికొచ్చి చూశాడు. “ఏందే అమలా, ఇంట్ల ఈనిస్తవా? తీస్కపోయి మోరీ పక్కన కట్టెయ్.”

మురుగు పారే ఆ మోరీ దగ్గర ఎప్పుడూ వీధి కుక్కలుంటాయి. అక్కడ ఈనితే ఒక్క పిల్ల మిగలదు. అది తెలియని మనిషి కాదు. బర్రె ఈనేటప్పుడు నడుము నిమురుతూ పక్కనే కూర్చుంటాడు. బెల్లం జావ తాగిస్తాడు. పెయ్యదూడ పుడితే గల్లీ అంతా జున్ను పంచుతాడు. మా అఖిల పుట్టిన రోజు మాత్రం పాలన్నీ పోసేసి, తీరిగ్గా ఆస్పత్రికొచ్చి “ఆడపిల్లనా?” అని వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో ఆడపిల్లను కని మెప్పు పొందినవి బర్రెలొక్కటే.

మా అత్త ఆగమ్మ గడపలో నిలబడింది. “దేవుని అర్ర పక్కన కుక్క పురుడా? ఇల్లంత మైల గాదా?”

నాకు ఒళ్లు మండిపోయింది. అఖిలకు బొడ్డు ఊడకముందే నా చేతికి క్యాన్లు తోమే పీచు ఇచ్చి, “పాడి ఇంట్ల పురుడు పట్టుడేంది? బర్రెలు ఆగుతయా?” అన్నది ఈవిడే. కుట్లు సలుపుతుంటే కింద కూర్చోలేక, నిలబడి వంగి తోమాను. అప్పుడు లేని మైల ఇప్పుడొచ్చింది!

బర్రెలను చూడ్డానికొచ్చే డాక్టరమ్మను ముందే అడిగి పెట్టుకున్నాను. “లాగకండి, చుట్టూ మూగకండి. పొర అదే చింపుకుంటుంది, మాయ తిన్నా తిననివ్వండి. బెదిరిందంటే పిల్లల్ని వదిలేస్తుంది” అంది. మొదటి పిల్ల ఆమె చెప్పినట్టే వచ్చింది. మున్నీ పొర చింపింది, పిల్లను నాకింది, మాయ తినబోయింది.

“అయ్యో, మాయ తింటున్నది! పాలు పోతయ్!” అంటూ మా అత్త చీపురుతో మాయను లాగేసింది. బర్రె మాయ తింటే పాలు తగ్గుతాయని, పడీపడగానే తీసి పాతెయ్యడం మా పాడివాళ్ల అలవాటు. ఈ కుక్క పాలు ఎవరు పిండుకోవాలని? మున్నీ గుర్రుమంటూ ఆవిడ మీదికి లేచింది. ఆ గడబిడలో రెండో పిల్ల పొరతోనే నేల మీద పడింది. మున్నీ దాని వంక చూడలేదు.

“కరుస్తది! గుంజి బైటెయ్ రా” అంది అత్త. నగేష్ మెడపట్టా పట్టుకున్నాడు.

పొరలో పిల్ల కదలడం లేదు. నేను ఆయన చేతి మీద కొట్టి పట్టా వదిలించాను. ఇద్దర్నీ గడప అవతలికి నెట్టి గొళ్లెం పెట్టాను. పొర చింపి, నోట్లో జిగురు తుడిచి, తువ్వాలుతో రుద్దాను. తలుపు బాదుతున్నారు, మా అమ్మనూ బాపునూ కలిపి తిడుతున్నారు. చావకే, వీళ్ల కళ్లముందు మాత్రం చావకే తల్లీ అని గొణుగుతూ రుద్దుతూనే ఉన్నాను. చివరికి కీచుమంది. ఆడపిల్లే. దారం కట్టి బొడ్డు కోసి మూతి ముందు పెడితే మున్నీ నాకడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

కొట్టంలో పొదుగులు నిండి బర్రెలు అరుస్తున్నాయి.

“క్యాన్లు ఎవలు కడగాలె?” నగేష్ గొంతు చించుకుంటున్నాడు. “తలుపు తీస్తవా, కుక్కతోని నువ్వు గూడ పోతవా?”

మున్నీకి మళ్లీ నొప్పులు వస్తున్నాయి. నేను దాని పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

“అత్తమ్మా! పురుడని నువ్వే అన్నవ్ గదా. బొడ్డు కోసింది నేను, పురుడు నాకే. అది తీరేదాక పొయ్యి ముట్టను, క్యాన్లు ముట్టను. పీచు గోలెం పక్కన ఉంటది, నీ కొడుకుకు జూపెట్టు.”

బయట బాదడం ఆగింది. ఇద్దరూ వింటున్నారని తెలిసి ఇంకో మాట కూడా అన్నాను.

“అఖిల పుట్టినప్పుడు నన్ను పట్టనియ్యని పురుడు గూడ ఇప్పుడే పడుతున్న.”