కవరు మీద మోపిన నేరం

లీల ఇంట్లో ఏ వస్తువూ ఒట్టి ఒంటితో కనబడకూడదు. మిక్సీకి కవరు, వాషింగ్ మెషీన్‌కి కవరు, టీవీ రిమోట్‌కి సైతం ప్లాస్టిక్ తొడుగు. అందుకే, మోకాళ్లు పట్టేసిన అమీనా స్కూటర్‌కి తన భర్త వాసుదేవరావు కొత్త బ్యాటరీ కట్టి ఇస్తే, ఆ పెట్టెకీ పూలకుట్టుతో ఒక కవరు కుట్టి ఇచ్చింది. అమీనా వాళ్లది గుంటూరు. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో వీళ్ల పక్కవీధే. ఆ నాలుగు చక్రాల స్కూటర్ లేకపోతే ఆమె గడప దాటలేదు.

బ్యాటరీలో సెల్స్ అన్నీ ఒకేసారి నిండవు. ముందే నిండిన సెల్‌లోని అదనపు కరెంటును, మిగతావి అందుకునేదాకా, ఒక రెసిస్టర్ వేడిగా మార్చి ఖర్చు చేస్తుంది. ఆ వేడిని తట్టుకునే రెసిస్టర్ ఎంచుకోవడమే అసలు పని. వేడి లెక్కకు ఒక వాట్ లోపే వస్తోందని వాసుదేవరావు ఒక వాట్‌వే వేశాడు. మూసిన పెట్టెలో రెట్టింపు తట్టుకునేవి వాడాలని యూనివర్సిటీలో ఏళ్లతరబడి పాఠం చెప్పింది ఆయనే. పెద్దవి సిడ్నీ నుంచి రావాలి. అంతదాకా ఆగలేక, ఏసీ గదిలో పరీక్షించి, బ్రహ్మాండం అనుకున్నాడు.

వానాకాలం ఉక్కలో ఒక మధ్యాహ్నం, స్కూటర్ కమురు వాసన కొట్టి ఆగిపోయిందని అమీనా ఫోన్ చేసింది. ఆయన మనసులో రెసిస్టర్లు మెదలకపోలేదు. వాటిని పక్కకు తోసి కవర్ని పట్టుకున్నాడు.

"బ్యాటరీకి ఎవరైనా చొక్కా తొడుగుతారా? గాలాడక ఓవర్‌హీట్ అయింది. నీ కవర్ల పిచ్చికి ఆవిడ ఇంట్లో కూర్చోవాల్సొచ్చింది."

ఆడలేక మద్దెల ఓడన్నాడని పట్టుకోవడానికి లీలకు ఎలక్ట్రానిక్స్ రావు. నమ్మేసింది. ఇంట్లో కవర్లన్నీ ఊడదీసి, ఆయన వెంట బయలుదేరింది.

అమీనా ఇంటి ముందు కారు నిలిపే షెడ్డులో ఆయన బ్యాటరీ పెట్టె విప్పుతుండగానే, "తప్పు నాదే అమీనా," అంది లీల. "కవరు కుట్టిచ్చి నీ కాళ్లు కట్టేశాను."

"ఏ కవరు వదినా?"

అమీనా గోడ పట్టుకుని లోపలికెళ్లి, మడత విప్పని కవరు తెచ్చింది. కలరా ఉండల వాసన వేస్తోంది.

"ఇంత ముచ్చటైన కుట్టు, స్కూటర్‌కేస్తే మురికవుద్దని బీరువాలో దాచా. ఒక్కరోజు కూడా తొడగలా."

వాసుదేవరావు చేతిలో నల్లగా మాడిన రెసిస్టర్. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. లీల కోపంగా చూసినా బాగుండేది. చూడలేదు. పైగా ఆయన్ని వెనకేసుకొచ్చింది.

"ఈ ఊరి ఉక్కకి ఏదైనా మాడుద్దిలే."

అది వినలేకపోయాడు.

"ఉక్క కాదమ్మా," అన్నాడు అమీనాతో. "పెద్దవి వెయ్యాల్సింది, తొందరపడి చిన్నవి వేశాను. తెలిసి కూడా కవరు మీదకి తోసి, మీ వదినని నానా మాటలన్నాను."

"పోన్లే అన్నయ్యా. మారిస్తే మళ్లీ తిరుగుద్దిగా," అంది అమీనా.

లీల ఆయనకంటే ముందే నడిచి ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చేసరికి మిక్సీ బోసిగా ఉంది. వాషింగ్ మెషీన్ బోసిగా ఉంది. కవర్లన్నీ ఒక సంచిలో, మూతికి ముడి వేసి, బయట చెత్తబిన్ పక్కన ఉన్నాయి. వాసుదేవరావు సంచి లోపలికి తెచ్చి, ముడి విప్పి, మిక్సీకి కవరు తొడిగాడు.

తిరగేసి తొడిగాడు. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. గరిటె వంకరగా పెట్టినా ఊరుకోని లీల, అది చూసి కూడా ఏమీ అనలేదు.