గులాబి నీళ్లలో పదకొండేళ్లు

నేను ఒక మైక్రోస్కోపును. వినయం కావలసినవాళ్లు వేరే వస్తువు దగ్గరికి వెళ్లండి. నాకు మనుషులంటే గిట్టదు, అందులోనూ బాగా చదువుకున్నవాళ్లంటే మరీ గిట్టదు. జర్మనీలో ఒక ముసలి పనివాడు నా అద్దాలను ఆరు వారాలు అరగదీసి, నా కన్నుగప్పడం ఎవరి తరమూ కాదని మురిసిపోయి పంపాడు. ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాదులో ఒక పరిశోధనశాల చీకటి గదికి చేరాను. మొదటి యజమానురాలు నన్ను పసిబిడ్డలా చూసుకుని రిటైరైపోయింది. ఆ తర్వాత డాక్టర్ కోనేరు భుజంగరావు పాలబడ్డాను.

వచ్చిన ఏడాదే దసరాకు ఆయుధపూజ అంటూ నా ఒంటికి పసుపు పూయించాడు. పసుపు నా నీలి వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుందని ఆ మహానుభావుడికి తోచలేదు. గాజుపలక మీద రాలిన రేణువులను చూసి, కణాలన్నీ వాచిపోయాయని వారం రోజులు రాసుకున్నాడు. సంగతి బయటపడ్డాక తిట్లు తిన్నది నేను.

నేను చూడవలసినవి మెదడులోని సహాయక కణాలు. అవి నాడీకణాలకు తిండి అందిస్తాయి, చెత్త ఊడుస్తాయి, దెబ్బ తగిలితే వాపు రేపి పోరాడతాయి. ఆ వాపు వేళకు తగ్గకపోతే మాత్రం కంచే చేను మేసినట్టు, కాపాడవలసిన నాడీకణాలనే చంపుతాయి. తగ్గించే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది. దాన్ని కేంద్రక గ్రాహకం అంటారు. తగిన హార్మోను వచ్చి తగిలితే, అది కణం నడిబొడ్డున ఉన్న జన్యువుల దగ్గరకు చేరి, వాపు పుట్టించేవాటి నోరు మూయిస్తుంది.

ఈస్ట్రోజన్ హార్మోను గ్రాహకానికి మాత్రం ఆ శక్తి లేదని వాదించి భుజంగరావు పేరు సంపాదించాడు. కణాల్లో కావాలని వాపు రేపి, అది ఉన్నచోట ఆకుపచ్చ వెలుగు కనబడేలా రంగు వేసేవాడు. ఈస్ట్రోజన్ మందు వేసిన కణాలూ, వేయనివీ ఒకేలా మసకగా ఉన్నాయని పదకొండేళ్లు నాతోనే ఫొటోలు తీయించాడు.

కణాలను పెంచే నీళ్లలో గులాబి రంగు కలిపి ఉంటుంది. నీళ్లు పులిస్తే అది పసుపుపచ్చగా మారి హెచ్చరిస్తుంది. ఆ నీళ్లలో పోసే, పశువుల రక్తం నుంచి తీసిన సీరంలో హార్మోన్లు ఉంటాయని బొగ్గుతో శుద్ధి చేయించేంత జాగ్రత్తపరుడు, ఆ రంగులో ఏముందని ఏనాడూ అడగలేదు.

అడిగింది చిలువేరు సువర్చల. జనగామ నేతవారి పిల్ల, ఆయన దగ్గర అయిదో ఏడు పరిశోధన చేస్తోంది. మార్చిలోగా థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ల శ్రమా బూడిదలో పోసిన పన్నీరే. ఒకసారి గులాబి నీళ్లు నిండుకుంటే పక్క ల్యాబు నుంచి రంగు లేనివి తెచ్చి వాడింది. నా కింద పెట్టి చూసేసరికి మందు వేయని కణాలు ఆకుపచ్చగా భగ్గున వెలుగుతున్నాయి. మందు వేసినవి చల్లబడి ఉన్నాయి. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే చూపించాను. ఆ పిల్ల మీద నాకు కాస్త ప్రేమ పుట్టింది, ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"సార్, ఆ రంగే ఈస్ట్రోజన్ లెక్క పనిచేస్తది. మనం మందు వెయ్యకముందే కణాలకు మందు పడ్డట్టే. అందుకే రెండూ ఒక్కతీరు కనవడ్డయి" అని ఆయనతో చెప్పింది.

భుజంగరావు ఫొటోలను కాదు, నన్ను చూశాడు. "తప్పు నీళ్లది కాదమ్మా, ఈ ముసలి యంత్రానిది. దీని ఫొటోలు చెల్లవు. కండెమ్ చేయించేద్దాం, ఫారం నింపి పట్రా. థీసిస్‌లో పాత ఫొటోలు వేసుకో, మిగతాది నేను చూసుకుంటాను."

"పాతవి సుత దీనితోని తీసినవే గద సార్."

"అప్పుడిది బాగానే ఉండేది."

పదకొండేళ్లు తన పొరపాటుకు సాక్షిగా నిలబెట్టి, ఒక్క నిజం చూపించగానే నన్ను గుడ్డిదాన్ని చేశాడు. నాకే గనక చేతులుంటే ఆ రోజు ఏం జరిగేదో చెప్పలేను.

సువర్చల ఫారం నింపుకొచ్చింది. ఛీ, నువ్వూ ఇంతేనా అనుకున్నాను. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి నా పక్కన నిలబడి టీ తాగింది. తుక్కులో పారేసే వస్తువు ఫారం ఎవరు చదువుతారు? సంతకం గీత ఎక్కడుందో వెతుక్కుని ముగ్గురూ గీకేశారు. భుజంగరావు తన సంతకంతోపాటు ముద్ర కూడా వేశాడు.

ఇప్పుడు తుక్కు గదిలో విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. ఎలుకలు నా వైర్లు కొరుకుతున్నాయి. సువర్చల కొత్త ఫొటోలతోనే థీసిస్ ఇచ్చిందని, దానికి నా ఫారం నకలు జతచేసిందని, అది చూశాక భుజంగరావు థీసిస్‌ను ఆపలేకపోయాడని ఈ గది తాళాలు చూసే యాదగిరి ఎవరికో చెబుతుంటే విన్నాను. నా మెడకూ ఒక నకలు కట్టి ఉంది. యంత్రంలోని లోపం ఏమిటో రాయవలసిన గడిలో సువర్చల గుండ్రటి అక్షరాలున్నాయి: "లోపమేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చూపుతుంది." దాని కింద భుజంగరావు సంతకం.