నుసి కొలిచే పెట్టె

పెట్టె చిన్నదే, టిఫిన్ డబ్బా అంత. దాన్ని కోమలి మంచం పక్క గూట్లో పెట్టి, మాస్కు సర్దుకుంటూ డాక్టర్ విజయశ్రీ చెప్పిన మాట ఒక్కటే: "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి." సూరత్‌లో మరమగ్గాల పై అంతస్తు ఇళ్లలో పిల్లలు ఎంత నూలు నుసి పీలుస్తున్నారో తేల్చే పరిశోధన అది. మర్నాడు వచ్చి పట్టుకుపోతారు. లాక్‌డౌన్ ఎత్తేశాక కింద మగ్గాలు తిరిగాయి కానీ బడి తెరవలేదు. పగలంతా ఇంట్లోనే ఉన్న ఆరేళ్ల కోమలికి దగ్గు పట్టుకుంది. పరీక్ష చేయిస్తే కరోనా లేదన్నారు. దగ్గు మాత్రం ఉంది.

"మా కోసం ఏమీ చేయకండి" అని చుట్టాలు అన్నప్పుడు ఏం చేయాలో కోమలి తల్లి పద్మారాణికి బాగా తెలుసు. డాక్టరమ్మ మెట్లు దిగగానే కొంగు బిగించింది. నేల, గోడలు, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడిచింది. మగ్గాల వైపు కిటికీ మూసి, సందుల్లో పాత చీరలు కుక్కింది. అత్త చిన్నవ్వను అగరుబత్తి ముట్టించనివ్వలేదు.

"ఏందే, దేవునికి పొగ లేదు, పప్పుకు పోపు లేదు. గా డబ్బ ఏమన్న కొత్తల్లుడా?" అంది చిన్నవ్వ.

"ఇజ్జత్ అత్తమ్మా. మనిల్లు మురికని తేలితే?"

"తేలనీ. పొల్ల దగ్గుకు మందన్న దొరుకుతది."

ఆ మాట పద్మారాణిని ఒకచోట నిలవనివ్వలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే తుడవడానికి ఏమీ మిగల్లేదు. పెట్టె గుయ్యిమంటూ గాలి పీలుస్తోంది. ఇంత శుభ్రమైన గాలి ఈ ఇంట్లో పండగనాడు కూడా ఉండదు. సాయంత్రానికి కోమలి దగ్గు తగ్గింది కూడా. సంతోషించాల్సిందే. కానీ "ఈ ఇంట్లో నుసి లేదు, దగ్గు వేరే ఎక్కడిదో" అని డాక్టర్లు వెళ్లిపోతే? సూరత్ ఎండల్లో ఈ కిటికీని తను ఎన్నాళ్లు మూసి ఉంచగలదు?

ఫోన్ తీసింది, పెట్టేసింది. మళ్లీ తీసింది.

"మేడం, జర తప్పయింది. ఇల్లంత కడిగిన."

అవతల నవ్వు. "మీ గల్లీలో పెట్టె పెట్టిన ప్రతి ఇల్లూ అద్దంలా ఉందమ్మా. ఒప్పుకున్నది మీరొక్కరే. ఇంకో రోజు ఉంచుదాం. నుసి తేలితేనే గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టమని మగ్గాల సేటును అడగగలం."

మర్నాడు కిటికీ తెరిచింది. పోపు చిటపటలాడింది. చిన్నవ్వ రెండు అగరుబత్తులు ముట్టించి నిన్నటి బాకీ తీర్చుకుంది.

"పీల్చడానికి పెట్టె ఉన్నది గద, నువ్వెందుకు?" అని పద్మారాణి కోమలిని నాయనమ్మ వెంట డాబా మీదికి తోలింది.

పక్కింటి బాలవ్వ తొంగిచూసింది. "ఏంది పద్మా, పానం బాగలేదా? ఇల్లు గిట్ల పడేసినవ్?"

"డాక్టర్లు తుడవద్దన్నరు అక్కా."

బాలవ్వ ముఖంలో ఆ డాక్టర్ల నంబరు అడగాలన్న ఆశ కనబడింది.

సాయంత్రం కిందికి వచ్చిన కోమలి, పెట్టె మీద పేరుకున్న తెల్లటి నుసిలో వేలితో తన పేరు రాసి, దగ్గింది. పద్మారాణి చేయి గుడ్డ అందుకుంది. పెట్టె ఇంకా గుయ్యిమంటోంది. ఆమె గుడ్డను నాలుగు మడతలు పెట్టి, దాని మీద గట్టిగా కూర్చుంది.