లోత్యే పుట్టినరోజు

"తీనెకే, ఈ లోత్యే ఎవరే? మనవాళ్ళలో ఆ పేరుగలవాళ్ళు లేరే!" మరుగుదొడ్డిలోంచి వస్తూనే అడిగింది అత్తగారు ఆన్స్.

హాలండులో ఏ ఇంట్లోనైనా పుట్టినరోజుల కేలండరు ఉండేది మరుగుదొడ్డి గోడకే. కూర్చున్నవాళ్ళెవరికైనా కనబడుతుంది. ఇవాళ్టి తేదీ పక్కన తీనెకే భర్త గెర్బెన్ పేరు, దానికింద చిన్నక్షరాల్లో ఈ పేరు.

హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని పన్నెండుమంది కూర్చున్నారు. తీనెకే పొద్దుటినుంచీ నిలబడే ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ, ఇక్కడి అలవాటు ప్రకారం, "మీ ఆయన పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు" అని బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టారు. కాసేపటికి ఆమె చేతికే ఖాళీ కప్పులందించారు.

"అది కోతి, అమ్మా!" అన్నాడు గెర్బెన్. "మా ఆవిడ ల్యాబులో కడిగే కోతి. దానికీ నాకూ ఒకటే పుట్టినరోజట. నా ఖర్మ చూడు!"

అందరూ గొల్లుమన్నారు. "కేకు ముక్క దాచావా వదినా, దానికి?" అన్నాడు మరిది.

తీనెకే కూడా నవ్వింది. ఇరవై రెండేళ్ళుగా నవ్వుతోంది, అలవాటైపోయింది. కప్పులు పట్టుకుని వంటింట్లోకొచ్చి తలుపు చేరవేసింది. కడిగే కోతట! తను దాని బోను కడుగుతుంది, నిజమే. తల్లి దగ్గరికి రానివ్వకపోతే ఆ పసిదానికి సీసాతో పాలుపట్టిందీ తనే కదా? దాని పుర్రె ఇప్పటికి రెండుసార్లు తెరిచారు. ఇప్పుడది అరటిపండు కూడా ముట్టడం లేదు. గోడవైపు తిరిగి తన వెంట్రుకలు తనే పీక్కుంటోంది. బోను సందులోంచి తీనెకే వేలు పెడితే మాత్రం పట్టుకుని వదలదు.

సంచిలో కాగితముంది, సోమవారం ఇచ్చెయ్యాలి. రెండో ప్రయోగంలో జంతువు పడ్డ బాధ ఎంత? స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. దగ్గరుండి చూసుకునే మనిషే గుర్తు పెట్టాలి. తీవ్రం అంటే చట్టప్రకారం ఆ జంతువుని మళ్ళీ ప్రయోగానికి వాడకూడదు. "మధ్యస్థం అని పెట్టెయ్యండి తీనెకే," అన్నాడు డాక్టర్ వెర్‌హాగెన్, ఎంతో మర్యాదగా. "మూడోసారీ తట్టుకుంటుంది." చెడ్డవాడేం కాదు. వాళ్ళ నాన్నకి చేతులు వణికే జబ్బు, దానికే మందు వెతుకుతున్నాడు.

తట్టుకుంటుంది! ఈ మాట ఇంతకుముందు విన్నదే. ఐదో నెలలో తనకి కడుపు పోయిన వారంలోనే గెర్బెన్ పుట్టినరోజు వచ్చింది. ఈసారికి మానేద్దామా అని ఎవరో ఫోను చేస్తే, "అక్కర్లేదు, తను తట్టుకుంటుందిలే" అన్నాడు. ఆ రోజూ ఇవే కుర్చీలు, ఇవే కప్పులు. కిందటి గురువారం ల్యాబు గేటు దగ్గర జంతువుల హక్కులకోసం పోరాడే పిల్లలు నినాదాల అట్టలు పట్టుకుని నిలబడ్డారు. డాక్టర్ల కార్లు అద్దాలెక్కించుకుని పోయాయి. సైకిలుమీద పోయే తీనెకేకే తగిలాయి తిట్లన్నీ. "నీకో బిడ్డుంటే ఈ పని చేస్తావా?" అని అరిచింది ఒక పిల్ల. ఆ పిల్లని లాగి ఒక్కటి కొట్టాలనిపించింది. కానీ ఆ ప్రశ్న ఇంకా వదల్లేదు.

తలుపు తోసుకుని ఆన్స్ వచ్చింది. "ఇక్కడేం చేస్తున్నావే ఒక్కదానివీ? ఏమిటా కాగితం?"

తీనెకే చెప్పింది. ఆన్స్ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"నువ్వు రాస్తే ఆపేస్తారా?"

"ఆపాలి."

"మరి మొదటిసారి ఏం పెట్టావు?"

"మధ్యస్థం." ఆ మాట అంటుంటే తీనెకేకి సిగ్గేసింది.

"ఇప్పుడు తీవ్రం అంటే ఉద్యోగం ఉంచుతారా?"

"ఏమో, పోవచ్చు."

తీనెకే కలం తీసి మూడో గడిలో, తీవ్రం ఎదురుగా, గుర్తు పెట్టింది. సంతకం చేసింది.

"తీనెకే, కాఫీ ఏదీ?" హాల్లోంచి కేకేశాడు గెర్బెన్.

"నీకు చేతుల్లేవురా? వచ్చి పోసుకో!" అని అరిచింది ఆన్స్. కుర్చీ లాక్కుని కోడలి పక్కన కూర్చుంది. ఆ మూడు గడుల్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

"నా బాధ ఎంతో రాయమని నాకెవరూ ఇలాంటి కాగితం ఇవ్వలేదే," అంది మెల్లగా.

తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని, బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టింది.

"లోత్యే పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు."