గ్రెనడాకు ఇప్పుడే వద్దు

వరదలక్ష్మి భర్త భాష్యం వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవిలో ప్రభుత్వ డాక్టరు. అతని దగ్గరికి వెళ్ళాలని ఆమె చింతాద్రిపేటలో పంతులమ్మ ఉద్యోగం మానేసింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఓడ బయల్దేరేదాకా ఉందామని వాషర్‌మెన్‌పేటలో అక్క కోకిల ఇంటికి చేరింది. ఇంతలో, 1955 సెప్టెంబరు చివర్లో, ఆ దీవిని పెద్ద తుపాను ఊడ్చేసింది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాక తంతి వచ్చింది. "క్షేమం. ఇప్పుడు రావద్దు."

రావద్దంటే ఎక్కడుండాలి? అక్కది రెండు గదుల ఇల్లు, నిండా పిల్లలు. బావ పల్లెత్తు మాట అనలేదు గాని, ఆమె వచ్చిన రోజే పడక వరండాలోకి మార్చుకున్నాడు. తుపాను ఎలాగూ పోయింది, నేనూ పోతాను అంది వరదలక్ష్మి.

"పోయే ముందు గోవిందస్వామి మామను ఒక మాట అడగవే," అంది కోకిల.

గోవిందస్వామి పక్క వీధి మనిషి. ఓడల్లో వంట చేసి చేసి ముసలివాడయ్యాడు. నాలుగేళ్ళ కిందట జమైకాలో తుపానుకు ఓడ దెబ్బతింటే ఒడ్డునే చిక్కుకుపోయాడు. వరదలక్ష్మి వెళ్ళేసరికి నులక మంచం మీద దగ్గుతూ పడుకుని ఉన్నాడు.

"గాలి నిలిచినాకే కష్టమంతా, పాపా," అన్నాడు లేవకుండానే. "నీళ్ళు కాచకుండా తాగేదానికి లేదు. తెగిన కరెంటు తీగ నీళ్ళలో పడుంటే అగపడదు. ఇంటి కప్పులు రేకులూ మేకులూ అయి దోవల్లో పడుంటాయి. అన్నను వెతుక్కుంటా ఒకామె వచ్చింది ఆడికి. కాల్లో మేకు దిగింది. సూది మందు దొరకలా. ధనుర్వాతంతో పోయింది. ఆ అన్న బాగానే ఉండాడు."

"మా ఆయన డాక్టరే కదా, మామా."

"ఆయనకిప్పుడు నిద్రుంటాదా? తిండుంటాదా? నువ్వు పోతే నిన్ను కాచేది ఆయనకింకో పని. ఆడికి పోయి ఏం చేస్తావు చెప్పు."

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది.

"ఈడ ఉండలేకుండా ఉండాను, మామా," అంది. "అలిసిపోయినాను."

ముసలాయన మెల్లగా లేచి కూర్చున్నాడు. "తెలుస్తాంది. అయినా ఇప్పుడే వద్దు పాపా. దోవలు బాగుపడనీ. ఆయన రమ్మన్నాక పో. పొయ్యేటప్పుడు సూది ఏపించుకో, గట్టి బూట్సు కొనుక్కో."

మర్నాడు ఆమె జార్జి టౌన్‌లోని ఓడల ఆఫీసుకు వెళ్ళి ప్రయాణం వాయిదా వేయించుకుంది. భర్తకు తంతి కొట్టింది. తిరుగు బస్సులో కునుకు పట్టి దిగాల్సిన చోటు దాటిపోతే, ఎండలో వెనక్కి నడిచి వచ్చింది.

"ఇంకా కొన్నాళ్ళు ఈడే, అక్కా," అంది గుమ్మంలోనే.

కోకిల ముఖం ఒక్క క్షణం వాడింది. వరదలక్ష్మి అది చూసింది. చెల్లెలు చూసిందని కోకిలకూ తెలిసింది.

"సరి. కాళ్ళు కడుక్కో. చారు వేడిగా ఉండాది," అంది కోకిల.

వరదలక్ష్మి తిని, చాప మీద ఒరిగింది. పిల్లలు బడి నుంచి వచ్చి గోల మొదలుపెడితే కోకిల వాళ్ళను వీధిలోకి తరిమింది. పొద్దుగూకేదాకా చెల్లెల్ని లేపలేదు.

రమ్మని భాష్యం రాసింది ఫిబ్రవరిలో. మార్చిలో ఆమె ఓడెక్కింది.